పడవ ఎక్కనివాడి లక్నవరం

కాశ్మీరంలో గుల్మార్గ్ అనే ఊరున్నది. శీతకాలం వచ్చి మంచు పడిందంటే చాలు, దేశం నలుమూలల నుంచీ జనం అక్కడికి పరుగెడతారు. కాళ్ళకు పొడుగాటి బద్దలు కట్టుకుని, చేతుల్లో చెరో కర్ర పట్టుకుని, కొండమీది నుంచి జర్రున కిందికి జారడం అక్కడి వేడుక. మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన సకుటుంబంగా వెళ్ళివచ్చాడు. "ఎన్నిసార్లు జారారు?" అని స్టాఫ్ రూములో అందరం అడిగాము. "ఒక్కసారి కూడా జారలేదు" అన్నాడాయన, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఉన్న నాలుగు రోజులూ ఒళ్ళో కాంగ్డీ, అంటే అల్లికబుట్టలో అమర్చిన నిప్పుల కుండ, పెట్టుకుని, కహ్వా తాగుతూ, జారేవాళ్ళనూ పడేవాళ్ళనూ చూస్తూ కూర్చున్నాడట. మేమంతా విరగబడి నవ్వాము. డబ్బు దండగ చేసుకుని వచ్చాడని ఆయన చాటున అనుకున్నాము కూడా.

ఆ నవ్వినవాళ్ళలో నేను అందరికన్నా ముందున్నాను. అందుకేనేమో, ఆయన గతే 2024 జనవరిలో నాకూ పట్టింది. మా వైపు మంచు పడదు గనుక, చెరువు దగ్గర పట్టింది.

వరంగల్లువాళ్ళకు చలికాలంలో రెండు రోజులు సెలవు కలిసివస్తే మొదట గుర్తుకొచ్చేది లక్నవరం. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో, మాకు సుమారు 75 కిలోమీటర్ల దూరాన, అడవి నడుమ ఉన్నదా చెరువు. చుట్టూ కొండలు, మధ్యలో పదమూడు దీవులు, దీవికి పోవడానికి వేలాడే వంతెన. వీటన్నిటినీ మించి పడవలు. లక్నవరం వెళ్ళి పడవ ఎక్కకుండా రావడమంటే పెళ్ళికి వెళ్ళి భోజనం చేయకుండా రావడమన్నమాట.

ఆ ఏడు గణతంత్ర దినం శుక్రవారం నాడు వచ్చింది. శనివారం ఒక్క సెలవు పెట్టుకుంటే మూడు రోజులు. ఈ లెక్క నాకన్నా ముందు హైదరాబాదులో ఉన్న మా బావమరిదికి తట్టింది. దీవిమీద గదులు తీసుకుని, డబ్బు కట్టేసి, ఆ తరువాత నాకు ఫోను చేశాడు.

"బావా, ఈసారి నువ్వు తప్పించుకోలేవు. నేను తిన్నగా అక్కడికే వస్తాను. పిల్లల్ని పడవలో చెరువంతా తిప్పుదాం."

పిల్లలు గంతులు వేశారు. మా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా నా ముఖంలోకి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ చూపు సంగతి తరువాత చెబుతాను.

కళాశాలలో జెండా వందనం ముగించుకుని, మిఠాయి పొట్లం జేబులో వేసుకుని, మధ్యాహ్నానికి హనుమకొండ బస్టాండు చేరాను. అప్పటికే మా వాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళతోపాటు లోకమంతా అక్కడే ఉన్నది. ఆడవారికి ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం మొదలై అప్పటికి నెలన్నర అయింది. 2023 డిసెంబరు 9 నుంచి గదా. దానికితోడు ఫిబ్రవరి 21న మేడారం జాతర మొదలు కాబోతున్నది. జాతర నాటి తొక్కిసలాట పడలేక నెల ముందే సమ్మక్క సారలమ్మలను చూసి వద్దామని బయలుదేరినవాళ్ళు, నెత్తిన బెల్లం బుట్టలతో, చంకన పిల్లలతో, బస్సు ఆగకముందే ఎక్కేస్తున్నారు. మేడారంలో ఆ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. మనిషి బరువుకు సరితూగే బంగారం మొక్కుకున్న కుటుంబమొకటి మా ముందు సీట్లోనే కూర్చున్నది. మొక్కు ఆ ఇంటి పెద్దాయన పేరున ఉన్నట్టున్నది. మనిషి దిట్టంగా ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర బుట్టలు కూడా దిట్టంగానే ఉన్నాయి.

కండక్టరు మా ఆవిడకూ అమ్మాయికీ సున్నా రూపాయల టిక్కెట్లు ఇచ్చి, నాకూ అబ్బాయికీ డబ్బు తీసుకున్నాడు. ఆరో తరగతి చదువుతున్న మావాడు టిక్కెట్లు నాలుగూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నాన్నా, మన ఇంట్లో డబ్బున్నవాళ్ళం మనమిద్దరమే అన్నమాట!" అన్నాడు గంభీరంగా. బస్సులో సగంమంది ఆడవాళ్ళు నవ్వారు.

ములుగు ఊళ్ళోకి పోకముందే గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్ళు ముందు ఈ తల్లికి చెప్పుకుని పోవాలి. బస్సు ఆగింది, కొబ్బరికాయలు టపటప పగిలాయి. నేనూ దిగి ఒక దండం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో ఆ పూట ఎవరికీ చెప్పలేదు గాని, ఇప్పుడు దాచడమెందుకు? రేపు లక్నవరంలో పడవలు నడవకుండా చూడు తల్లీ అని కోరుకున్నాను.

చల్వాయి దగ్గర బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, పొలాల్లోనుంచీ, తరువాత టేకుచెట్ల నీడలోనుంచీ పోయి పోయి, పొద్దు వాలేవేళకు చెరువు కట్ట ఎక్కాము. అప్పటిదాకా అడవే, ఒక్క అడుగు పైకి వేస్తే ఒక్కసారిగా నీళ్ళు. ఆ మార్పు ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. దీవిమీది గదికి వెళ్ళాలంటే వేలాడే వంతెన దాటాలి. ఇనుప తాళ్ళమీద ఊగే వంతెన అది. పిల్లలు దానిమీద ఎగిరి ఎగిరి దూకుతూ పోయారు. నేను కంబి పట్టుకుని, ఎదుటి కొండ తప్ప మరేదీ చూడకుండా నడిచాను. వెనక వచ్చే ఎవరో పడుచువాడు, "పెద్దాయనకు దారి ఇవ్వండి" అన్నాడు. నాకు నలభై ఆరేళ్ళు!

ముందురోజే పుష్య పూర్ణిమ. చీకటి పడీ పడకముందే కొండవెనక నుంచి చంద్రుడు రాగి పళ్ళెంలా పైకి లేచాడు. చలి మొదలైంది. వరంగల్లులో చలి ఒక రకం, అడవిలో నీటి మధ్య చలి మరొక రకం. ఇది కిందినుంచి, కాళ్ళ సందుల్లోనుంచి వస్తుంది. మా ఆవిడ తెచ్చిన శాలువా నేనూ అబ్బాయీ చెరిసగం కప్పుకుని వసారాలో కూర్చున్నాము. వేయించిన చేపముక్కలు తింటూ మా బావమరిది మర్నాటి కార్యక్రమం వివరించాడు. అందులో పడవ అన్న మాట ఏడుసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను.

"నాకు మోకాలు నొప్పిగా ఉన్నదోయ్, మీరు వెళ్ళిరండి" అన్నాను, ఎనిమిదోసారి రాకముందే.

తెల్లవారింది. గట్టమ్మ తల్లి నా మొర వినలేదు. రేవులో పడవలన్నీ బారులుతీరి ఉన్నాయి. నారింజరంగు లైఫ్ జాకెట్లు తగిలించుకుని జనం వరుసలో నిలబడ్డారు. బావమరిది, మా ఆవిడ, అబ్బాయి ముందు నడిచారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కూడా జాకెట్టు చేతిలోకి తీసుకున్నది. అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది.

"అమ్మా, నేనొక్కణ్ణే అవుతాను గదా. నువ్వు నాకు తోడుగా ఉండరాదూ?"

అది నావైపు చూసింది, పడవవైపు చూసింది. జాకెట్టు తీసి బల్లమీద పెట్టేసింది. ఏమీ అనలేదు. అబ్బాయిని ఆపడానికి నాకు వీలు చిక్కలేదు. వాడు అప్పటికే మేనమామ చెయ్యి పట్టుకుని పడవలో కూర్చున్నాడు. వాళ్ళు తిరిగి వచ్చిందాకా నేను ఏ మాట మాట్లాడానో నాకు తెలియదు.

ఇక మా ఆవిడ చూపు సంగతి. 2019 దసరా సెలవులకు మేము పాపికొండలు వెళ్ళాలనుకున్నాము. రాజమండ్రి దాకా రైలు, అక్కణ్ణుంచి గోదావరిలో పడవ. అన్నీ అనుకున్నాక, సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయింది. 50 మంది దాకా పోయారు. మా కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి బృందంగా వెళ్ళిన స్నేహితులూ ఆ పడవలో ఉన్నారు. వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఆ ఊరు మా ఇంటికి ఎంతో దూరం కాదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ పడవను అక్టోబరు 22న నదిలోనుంచి పైకి లాగింది. ముప్ఫై ఎనిమిది రోజులు! ఆ ముప్ఫై ఎనిమిది రోజులూ నేను పొద్దున్నే పత్రిక తెరిచి మొట్టమొదట ఆ వార్తే వెదికాను. తరువాత నేను పడవ ఎక్కలేదు. ఎక్కనని ఎవరికీ చెప్పనూ లేదు. ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికేది.

లక్నవరం ప్రయాణానికి ఎనిమిది రోజుల ముందు, జనవరి 18న, గుజరాతులో వడోదర దగ్గర చెరువులో బడిపిల్లల విహారపు పడవ తిరగబడి 12 మంది పిల్లలూ ఇద్దరు ఉపాధ్యాయినులూ చనిపోయారు. పడవలో ఉండవలసినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారని, అందరికీ జాకెట్లు లేవని పత్రికలు రాశాయి. ఆ పత్రిక మా ఇంట్లో అందరూ చదివారు. మా ఆవిడ చదివి, మడిచి, అలమారులో కాగితాల కింద పెట్టేసింది. నేను మళ్ళీ తీశాను.

సరే, పడవ లేకుండా లక్నవరంలో ఏం చేయాలి? ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ శనివారం పొద్దుటిపూట నేను లక్నవరాన్ని మొదటిసారి చూశాను. అంతకుముందు రెండుసార్లు వచ్చాను గాని, అప్పుడు చూసింది వంతెననూ, వంతెనమీద ఫొటోలు దిగే జనాన్నీ మాత్రమే.

నేనూ అమ్మాయీ కట్టవెంట నడిచాము. కొంతదూరం పోయేసరికి జనసందడి వెనకబడి, పిట్టల సందడి ముందుకు వచ్చింది. ఎండిన మోడుమీద నీటికాకి రెక్కలు రెండూ బార్లా చాపి ఎండకు ఆరబెట్టుకుంటున్నది, తీగమీద చొక్కా ఆరేసినట్టు. లకుముకి పిట్ట ఒకటి నీలంగా మెరిసి నీళ్ళలో పడి లేచింది. తూము దగ్గర ఒక ముసలాయన గొంగడి కప్పుకుని బీడీ కాల్చుకుంటున్నాడు. అడిగితే నీరటి అన్నాడు. చెరువునీళ్ళు ఏ మడికి ఎప్పుడు పారాలో చూసుకునేవాడు నీరటి. మా తెలంగాణ ఊళ్ళలో పంచాంగం చెప్పే అయ్యవారికి ఎంత గౌరవమో ఆయనకూ అంత గౌరవం.

"పడవెక్కలేదా సారూ?" అన్నాడు.

"మోకాలు నొప్పి" అన్నాను.

"పడవల కూసునుడే గదా, నడుసుడు ఏడున్నది?"

అమ్మాయి అటు తిరిగి నవ్వు ఆపుకున్నది. నేను మాట మార్చి, చెరువు ఎవరు కట్టించారని అడిగాను. "కాకతి రాజులు" అన్నాడు. తరువాత ఆయన చూపిన విషయం నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు. బీడీ పట్టుకున్న చెయ్యి చాచి, ఒక కొండ నుంచి మరొక కొండకు గీత గీసినట్టు చూపించాడు. "గీ గుట్టలు దేవుడు వెట్టిండు. సందులు మాత్రం మనిషి మూసిండు. గంతే." నిజమే. అంత నీటినీ ఆపుతున్నది కొండలే. కొండల మధ్యనున్న సన్నని సందులకు మాత్రం చిన్న చిన్న కట్టలు వేశారు. పదమూడో శతాబ్దంలో ఇక్కడ నిలబడి, ఎక్కడ కాస్త మట్టి వేస్తే ఎంత నీరు ఆగుతుందో కంటిచూపుతో తేల్చిన మనిషెవరోగాని, వాడు లెక్కల్లో ఘనుడు. పాకాల, రామప్ప, లక్నవరం మూడూ ఆ కాలపు పనులే. నీరు ఆగిన చోట ఊరు పుట్టింది, ఊరున్న చోట గుడి లేచింది.

కట్టకు అవతలివైపు తూము నీరు కాలువలో పడి బిరబిర పోతున్నది. దిగువన యాసంగి నాట్లు జరుగుతున్నాయి. ఆడవాళ్ళు వరుసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నారు గుచ్చుతున్నారు. ఇటు తిరిగితే నారింజరంగు జాకెట్లవాళ్ళు కేరింతలు కొడుతూ పడవల్లో తిరుగుతున్నారు. ఒకే నీరు. మధ్యన కట్ట వెడల్పు దూరం. వానకాలంలో చెరువు నిండితే ఏమవుతుందని అమ్మాయి అడిగింది. "మత్తడి దుంకుతది బిడ్డా" అన్నాడు నీరటి, కళ్ళు మెరిపిస్తూ, మనుమడి పెళ్ళి సంగతి చెబుతున్నట్టు. అలుగు పారడాన్ని మావైపు అలా అంటారు. నీరు పొర్లిపోతుందని కాదు, దూకుతుందని! ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను గదా, ఆ క్రియాపదం అక్కడ ఎంత అందంగా ఉన్నదో ఆనాడే గమనించాను.

మధ్యాహ్నం అందరం ఆటోలో జంగాలపల్లి మీదుగా పాలంపేట వెళ్ళాము. రామప్ప గుడిని గురించి ఇక్కడ పెద్దగా చెప్పబోను. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తరువాత దాన్ని గురించి చెప్పనివారు లేరు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఆ రాజుగారి గజసైన్యాధిపతి జాయప సేనానే నృత్తరత్నావళి రాసినవాడు. నటరాజ రామకృష్ణగారు పేరిణి నాట్యానికి మళ్ళీ ప్రాణం పోసినప్పుడు ఈ గోడలమీది బొమ్మలను గురువులుగా పెట్టుకున్నారు. ఇలా నేను స్తంభం దగ్గర నిలబడి అలవాటుకొద్దీ చెప్పుకుపోతూ ఉండగా, మా ఆవిడ మదనికల్లో ఒకదాని పాదాలవైపు వేలు చూపింది. ఎత్తుమడమల చెప్పులు! ఎనిమిది వందల ఏళ్ళనాటి నల్లరాతి సుందరి ఎత్తుమడమల చెప్పులు తొడుక్కుని నిలబడ్డది. నా ఉపన్యాసం అక్కడితో సరి. శ్రోతలందరూ చెప్పులవైపు వెళ్ళిపోయారు.

అమ్మాయి మాత్రం మిగిలింది. గోపురపు ఇటుకలు నీటిమీద తేలుతాయనే మాట నిజమేనా అని అడిగింది. నిజమే, బరువు తగ్గడానికి అంత తేలిక ఇటుకలు కాల్చారన్నాను. పునాది సంగతి చెప్పమన్నది. గొయ్యి తవ్వి, ఇసుక నింపి, సున్నమూ బెల్లమూ కరక్కాయా కలిపి గట్టిపరచి, ఆ ఇసుకమీద గుడి నిలిపారని, భూమి అదిరినా ఆ అదురు పైదాకా రాకుండా ఇసుక అడ్డుకుంటుందని వివరించాను. అది కాసేపు నేలవైపు చూసింది.

"అయితే మన కాళ్ళ కింద ఉన్నది ఇసుకేనన్నమాట."

"అవును."

"నీకు భయం వేయడంలేదా నాన్నా?"

వెటకారంగా అన్నట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టున్నది. గుడి కట్టినవాళ్ళమీద నమ్మకమని ఏదో అన్నాను. "ఊఁ" అన్నది. పక్కనున్న రామప్ప చెరువులో కూడా పడవలు తిరుగుతున్నాయి. మేమిద్దరం అటు చూడకుండా మరమరాలు కొనుక్కున్నాము.

ఆ రాత్రి పిల్లలు పడుకున్న తరువాత మా ఆవిడ వసారాలోకి వచ్చి పక్కన కూర్చున్నది. చాలాసేపు చంద్రుణ్ణీ నీళ్ళనూ చూసి, మెల్లగా అన్నది:

"ఏమండీ, మీరు ఎక్కకపోతే నేనెప్పుడైనా అడిగానా? అయిదేళ్ళ నుంచి మీ మోకాలునొప్పి నమ్ముతూనే ఉన్నాను. కాని ఇవాళ పొద్దున దాని చేతిలో జాకెట్టు కింద పెట్టించారు. అది పెట్టేసింది, ఎందుకంటే మీరంటే దానికి జాలి. తండ్రిమీద బిడ్డ జాలిపడితే మీకు బాగుంటుందా?"

నాకు సమాధానం తోచలేదు. చలి ఎక్కువైందని లేచి లోపలికి వెళ్ళాను. నిద్ర మాత్రం పట్టలేదు.

తెల్లవారుజామున మళ్ళీ వంతెన దాటి ఒడ్డుకు వచ్చాను. చెరువుమీద పొగలాగా మంచు. అందులోనుంచి ఒక మనిషి తేలుకుంటూ వచ్చాడు. ఆయన కూర్చున్నది పడవ కాదు, తెప్ప కూడా కాదు. తాళ్ళతో చుట్టి కట్టిన థర్మకోల్ ముక్క! దానిమీద మఠం వేసుకుని, చేతుల్లో చిన్న చిన్న చెక్కలతో నీళ్ళు తోసుకుంటూ, రాత్రి వేసిన వల తీసుకుని వస్తున్నాడు. ఒడ్డుకు రాగానే చేపలు లెక్కపెట్టుకోసాగాడు.

"భయం లేదా?" అన్నాను, ఉండబట్టలేక.

ఆయన తల ఎత్తకుండానే, "ఉంటది సారూ. చేపలు గూడ ఉంటయి గదా!" అన్నాడు.

రెండు చేపలు కొని గదికి తెచ్చాను. అందరూ లేచేసరికి చెప్పేశాను, ఇవాళ అమ్మాయి పడవెక్కుతుందని. ఎవరూ ఆశ్చర్యపడనట్టు నటించారు. మా బావమరిదికి మాత్రం నటన రాదు. "బావా, నువ్వు కూడానా?" అన్నాడు. "నేను కాదు" అన్నాను. ఈసారి మోకాలి మాట ఎత్తలేదు. "నాకు పడవంటే భయం" అన్నాను. అబ్బాయి తింటున్న ఇడ్లీ ఆపి నావైపు చూశాడు. తండ్రికి భయమేమిటన్నది వాడికి కొత్త సంగతి. అమ్మాయికి కొత్త కాదు. అది నా ప్లేటులో చట్నీ వేసింది.

రేవు దగ్గర నేను చేసిన రభస తలచుకుంటే ఇప్పటికీ మా వాళ్ళు నవ్వుతారు. జాకెట్టు వదులుగా ఉన్నదని రెండుసార్లు మార్పించి, చివరకు దాని కొలతకు సరిపోయేది దొరికేదాకా వరుసను ఆపాను. పట్టీలు మూడూ లాగి చూశాను. భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూశాను, జాకెట్టు జారి గడ్డందాకా వస్తుందేమోనని, రాలేదు. పడవలో ఎందరు పడతారో అడిగి, ఎక్కినవాళ్ళను వేలితో లెక్కపెట్టాను. తక్కువే ఉన్నారు. అందరి జాకెట్లూ చూశాను. ఒకావిడ ఫొటోకోసం జాకెట్టు విప్పబోతే, "అమ్మా, దయచేసి కట్టుకోండి" అని తరగతిలో అన్నట్టు గట్టిగా అన్నాను. ఆవిడ కట్టుకున్నది. పడవవాడు మా బావమరిదిని పక్కకు పిలిచి, "సారు ఇన్‌స్పెక్టరా?" అని అడిగాడట.

"తెలుగు లెక్చరరు" అన్నాడట మా వాడు.

"అట్ల చెప్పుండ్రి" అన్నాడట.

పడవ కదిలింది. నేను కట్టమీదికి వెళ్ళి, నిన్నటి తూము దగ్గర రాయిమీద కూర్చున్నాను. నీరటి అక్కడే ఉన్నాడు. నాకొక బీడీ ఇవ్వబోయాడు. అలవాటు లేదన్నాను. పడవ చిన్నదవుతూ చిన్నదవుతూ దీవివైపు పోతున్నది. ఇంజను చప్పుడు నీటిమీద ఆలస్యంగా వినిపిస్తున్నది. దీవి అంచుకు పోయి, మలుపు తిరిగి, చటుక్కున కనిపించకుండా పోయింది.

"గాడ మలుపుంటది. జరసేపు కనవడది" అన్నాడు నీరటి.

నేను లేచి నిలబడ్డాను. నాట్లు వేసే ఆడవాళ్ళ మాటలు, కాలువ శబ్దం, మోడుమీద నీటికాకి అన్నీ ఉన్నాయి, నిన్నటిలాగే. నేనేమీ చూడలేదు. ఆ దీవి చెట్ల కొసలు తప్ప మరేమీ చూడలేదు. నీరటి ఏదో చెబుతున్నాడు, ఊఁ కొడుతున్నాను. నా చేతిలో ఆడపిల్ల తలకట్టు రిబ్బను ఉన్నదని అప్పుడు చూసుకున్నాను. పడవెక్కుతూ ఇచ్చి వెళ్ళింది, గాలికి పోతుందని.

"అగో" అన్నాడు నీరటి.

దీవికి ఆ కొసనుంచి పడవ బయటికి వచ్చింది.

రేవులో దిగగానే అమ్మాయి పరుగెత్తుకుంటూ కట్ట ఎక్కింది. బుగ్గలు గాలికి కందిపోయాయి. ముంగురులమీద నీటి తుంపర. "నాన్నా, అక్కణ్ణుంచి చూస్తే నువ్వు తూము పక్కన రాయంత కనిపించావు! నేను చెయ్యి ఊపాను, చూశావా?"

"చూశాను" అన్నాను. నిజానికి అంత దూరంలో అన్నీ నారింజరంగు చుక్కలే. వాటిలో ఏదో ఒకటి కదిలినట్టు మాత్రం కనిపించింది.

మధ్యాహ్నం చల్వాయి దగ్గర బస్సు ఎక్కాము. మేడారం నుంచి తిరిగివచ్చే ఆడవాళ్ళతో బస్సు కిక్కిరిసి ఉన్నది. ఎలాగో మా ఆవిడకూ పిల్లలకూ చోటు దొరికింది. నేను డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని, హనుమకొండ దాకా నిలబడే వచ్చాను. ఇంటికి చేరేసరికి మోకాలు నిజంగానే నొప్పి పెట్టింది. ఎవరూ నమ్మలేదు.